తత్సమమా, తద్భవమా? : ఆంగ్లంలో కీవ్ నగరనామం – ఒక ఖండన

వ్యాస సంగ్రహం

ఉక్రెయిన్ రాజధాని పేరును ఆంగ్లంలో ఏ వర్ణక్రమంతో రాయాలన్న వివాదంలో రెండు పక్షాలవారూ సరికాని ప్రమాణాలను ఆశ్రయిస్తున్నారు. రష్యన్ రూపాన్ని ఆంగ్లభాషా సంప్రదాయంగా సమర్థించేవారు అది రష్యన్ మాటకు కేవలం లిప్యంతరీకరణ అన్న సంగతిని విస్మరిస్తున్నారు. ఉక్రేనియన్ రూపాన్ని కోరేవారిలో కొందరు, స్థానికులు పలికేదే ఏకైక శుద్ధరూపమనే అతివ్యాప్త సూత్రాన్ని పట్టుకున్నారు. తెలుగు వ్యాకరణ సంప్రదాయంలోని తత్సమ–తద్భవ వివేకంతో చూస్తే ఆంగ్లంలో ఉక్రేనియన్ రూపమే సాధువని తేలుతుంది. ఆ నిర్ణయానికి హద్దులు కూడా అదే వివేకం వల్ల ఏర్పడతాయి. ఈ రెండు విషయాలనూ, తెలుగులో విదేశీ నామలేఖనానికి వాటి నుంచి గ్రహించవలసిన నియమాలనూ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నగరనామాలు, పరనామం, లిప్యంతరీకరణ, తత్సమం, తద్భవం, రూఢి, కీవ్.

1. ప్రవేశిక

ఉక్రెయిన్ రాజధానికి ఆంగ్లంలో రెండు వర్ణక్రమాలున్నాయి. కె, ఐ, ఇ, వి అనే నాలుగక్షరాలది ఒకటి; కె, వై, ఐ, వి అనే నాలుగక్షరాలది మరొకటి. మొదటిది రష్యన్ భాషలోని ‘కియెవ్’కు, రెండవది ఉక్రేనియన్ భాషలోని ‘కియివ్’కు రోమన్ లిపి రూపం. ఈ వ్యాసంలో మొదటిదాన్ని రష్యన్ రూపమని, రెండవదాన్ని ఉక్రేనియన్ రూపమని వ్యవహరిస్తాను. పాత రూపం, కొత్త రూపం అనే వాడుక ప్రచారంలో ఉంది కాని అది దారి తప్పించే వాడుక. అలా అన్న మరుక్షణం ఊరి పేరు మారిందన్న భ్రమ కలుగుతుంది. ఊరి పేరు మారలేదు. ఆంగ్లం ఆ పేరును ఎవరి నోట విని రాసుకుంటున్నదన్నది మాత్రమే మారింది. తెలుగులో ఆ నగరాన్ని పేర్కొనవలసినచోట పత్రికల వాడుకలో నిలిచిన ‘కీవ్’ అనే రూపాన్నే గ్రహించాను. అందుకు కారణం ఆరవ భాగంలో చెబుతాను.

ఒక ఆంగ్ల వర్ణక్రమాన్ని గురించి తెలుగు పరిశోధకులు తర్కించవలసిన అవసరమేమిటన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. విదేశీ నామాలలో అత్యధికభాగం తెలుగులోకి ఆంగ్లం మీదుగానే వస్తున్నాయి కాబట్టి అక్కడి పొరపాటు ఇక్కడ పాఠమవుతుంది. ఇది మొదటిది. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. అరువు మాటలో ఏది మూలానికి బద్ధమై ఉండాలి, ఏది మూలంతో తెగతెంపులు చేసుకొని స్వతంత్రంగా బతకవచ్చు అన్న ప్రశ్నను తెలుగు వ్యాకర్తలు శతాబ్దాలపాటు ఆలోచించారు. ఈ వివాదానికి కావలసిన పనిముట్టు మన దగ్గర ఉంది. దాన్ని వాడకపోవడం మన అశ్రద్ధ.

2. పూర్వపక్షం

రష్యన్ రూపాన్ని నిలపాలనేవారి వాదాలు స్థూలంగా మూడు.

ఒకటి, పరనామవాదం. ప్రతి భాషకూ అన్యదేశపు ఊళ్లను తన పేర్లతో పిలుచుకునే హక్కుంది. ఇటాలియన్లు ‘రోమా’ అంటారు, ఆంగ్లేయులు ‘రోమ్’ అంటారు. పోలండువారి ‘వర్షావా’ ఆంగ్లంలో ‘వార్సా’ అయింది. చెక్కుల ‘ప్రాహా’ ‘ప్రాగ్’ అయింది. ఎవరికీ లేని అభ్యంతరం కీవ్ విషయంలో ఎందుకు?

రెండు, రూఢివాదం. రష్యన్ రూపం ఆంగ్లంలో రెండు వందల ఏళ్లుగా ఉంది. రీగా నుంచి క్రిమియాకు చేసిన ప్రయాణాన్ని గురించి మేరీ హోల్డర్‌నెస్ రాసి 1823లో ప్రచురించిన గ్రంథం పేరులోనే అది కనిపిస్తుంది. ఇంతకాలం వాడిన మాటను ఒక ప్రభుత్వం కోరిందని మార్చడం భాషమీద దౌర్జన్యం.

మూడు, రాజకీయవాదం. ఈ మార్పు భాషాశాస్త్రం వల్ల వచ్చింది కాదు, సానుభూతి వల్ల వచ్చింది. శాస్త్రం సానుభూతిని అనుసరించరాదు.

ఈ మూడింటిలోనూ కొంత నిజముంది. అందుకే ‘ఉక్రెయిన్ కోరింది, కాబట్టి రాయాలి’ అన్న ఒక్క వాక్యంతో వీటిని తోసిపుచ్చలేము. ఆ వాక్యంతోనే సరిపెట్టేవారు రాగల ప్రతి వివాదంలోనూ కోరినవారికల్లా తలవంచవలసి వస్తుంది.

3. రష్యన్ రూపం ఆంగ్లపదమేనా?

పరనామవాదం ఒక ఊహమీద నిలిచింది. ‘రోమ్’ ఎలాంటి ఆంగ్లపదమో రష్యన్ రూపమూ అలాంటి ఆంగ్లపదమేనన్నది ఆ ఊహ. దాన్ని పరీక్షించకుండానే పక్షవిపక్షాలు ముందుకు సాగిపోతున్నాయి.

మన వ్యాకరణం అరువు మాటలను వాటి వయస్సునుబట్టి విభజించలేదు, మూలంతో వాటికున్న సంబంధాన్నిబట్టి విభజించింది. ‘విద్య’ తత్సమం, ‘విద్దె’ తద్భవం. ‘ఆకాశము’ తత్సమం, ‘ఆకసము’ తద్భవం. ఈ భేదం నామకరణంతో ఆగిపోదు, సాధుత్వ నిర్ణయాన్ని శాసిస్తుంది. ‘విద్య’ను ఎవరైనా ‘విధ్య’ అని రాస్తే తప్పంటాము. ఎందుకు? ఆ మాట సంస్కృత మూలానికి బద్ధమై ఉంది. మూలంలో దకారమే ఉంది. ‘విద్దె’ను మాత్రం మూలంలో అలా లేదన్న కారణంతో తప్పనలేము. అది తెలుగు నోట పడి, తెలుగు ధ్వని నియమాలకు లొంగి, తెలుగు మాటగా మారింది. దాని సాధుత్వం తెలుగులోనే తేలాలి. చుక్కాని ఎటు తిరిగిందో మూలాన్ని చూసి చెప్పే మాట ఒకటి; మూలాన్ని రేవులో వదలి వచ్చిన మాట మరొకటి.

ఈ వివేకంతో ఆంగ్లంలోని రాజధానుల పేర్లను చూద్దాం. రోమ్, వార్సా, ప్రాగ్, వియన్నా, కోపెన్‌హాగన్, లిస్బన్, మాస్కో – ఇవన్నీ ఆంగ్లానికి తద్భవాలు. కొన్ని లాటిన్ నుంచి, కొన్ని ఫ్రెంచి, జర్మన్ భాషల మీదుగా వచ్చి ఆంగ్లంలో స్వతంత్ర రూపాలుగా నిలిచాయి. రష్యన్ ‘మస్క్‌వా’ను ఎదురుగా పెట్టుకొని అక్షరానికి అక్షరం మార్చి ఎవరూ ‘మాస్కో’ను సాధించలేరు.

ఇక రష్యన్ రూపాన్ని తీసుకోండి. రష్యన్ సిరిలిక్ లిపిలో ఆ పేరుకు నాలుగక్షరాలు. మొదటిదానికి కె, రెండవదానికి ఐ, మూడవదానికి ఇ, నాలుగవదానికి వి. ఒక్కొక్క సిరిలిక్ అక్షరం స్థానంలో ఒక్కొక్క రోమన్ అక్షరం వచ్చి కూర్చుంది. ఆంగ్లం దానిలో ఏ ధ్వనినీ లోపింపజేయలేదు, ఏ ధ్వనినీ చేర్చలేదు, ఏ ప్రత్యయంతోనూ మలచలేదు. ఇది తద్భవం కాదు, రష్యన్ తత్సమం. ఆంగ్లం ఇందులో సమకూర్చింది లిపి మాత్రమే.

తత్సమమైనప్పుడు దానికి తత్సమ న్యాయమే వర్తిస్తుంది. ‘ఇది దేనికి సమం? దాని మూలం ఏది?’ అని అడిగే హక్కు ఉంటుంది. ఉక్రేనియన్ లిపిలోనూ ఆ పేరుకు నాలుగక్షరాలే. అందులో రెండవ అక్షరం ఆకృతిలో రష్యన్ అక్షరమే కాని ధ్వనిలో వేరు. రష్యన్‌లో అది స్పష్టమైన ఇకారం. ఉక్రేనియన్‌లో ఇకార ఎకారాల నడుమ పలికే శిథిలమైన అచ్చు. అందుకే రోమన్ లిపిలో దానికి ‘వై’ని కేటాయించారు. మూడవ అక్షరం నెత్తిన రెండు చుక్కలున్న నిలువుగీత. అది ‘యి’ ధ్వనికి గుర్తు. రష్యన్ వర్ణమాలలో ఆ అక్షరమే లేదు. ఉక్రేనియన్ రూపం కూడా తత్సమమే. దాని మూలం ఆ నగరపు దేశభాష. కాబట్టి వివాదం ఆంగ్లపదానికీ పరాయిపదానికీ మధ్య జరుగుతున్నది కాదు. రెండు పరాయి తత్సమాల మధ్య జరుగుతున్నది. ఉక్రెయిన్ రాజధాని పేరును ఆంగ్లం ఉక్రేనియన్ నుంచి నేరుగా తీసుకోవాలా, మూడవ భాషను మధ్యవర్తిగా పెట్టుకోవాలా అన్నదే అసలు ప్రశ్న. ప్రశ్నను ఇలా నిలిపిన తరువాత పరనామవాదానికి కాలు మోపే చోటు లేదు.

ఇక్కడ ఒక ప్రత్యాక్షేపం రావచ్చు. చారిత్రకంగా రష్యన్ రూపంలోని ఎకారమే ప్రాచీనం కదా అని. నిజమే. పన్నెండవ శతాబ్దారంభానికి చెందిన ప్రాథమిక వృత్తాంతం ఆ నగరాన్ని కీయ్ అనే అన్న, ష్చెక్, ఖొరివ్ అనే తమ్ముళ్లు, లిబిద్ అనే చెల్లెలు కట్టారని చెబుతుంది. నగరనామం ‘కీయ్‌ది’ అనే అర్థమిచ్చే సంబంధవాచకం. దాని ప్రాచీన రూపంలో రెండవ అచ్చు ఎకారమే. హల్లుతో ముగిసే అక్షరంలో ఆ ఎకారం ఉక్రేనియన్‌లో క్రమంగా ఇకారమైంది. ‘కీవ్ యొక్క’ అనవలసి వచ్చినప్పుడు నేటికీ ఉక్రేనియన్లు ‘కియెవా’ అనే అంటారు. అక్కడ ఎకారం తిరిగి పైకి తేలుతుంది. ‘ఇల్లు’, ‘నోరు’ అనే ప్రథమారూపాల వెనుక ‘ఇంటి’, ‘నోటి’ అనే ఔపవిభక్తికాలు వేరొక రూపాన్ని దాచుకున్నట్టే ఇదీ. అయితే ప్రాచీనత వల్ల సిద్ధించేదేమిటి? శాసనాల తెలుగులో ఒక ఊరి పేరు ఎలా ఉందో చూపి నేడు దాన్ని అలాగే రాయమని ఎవరూ అనరు. పైగా రష్యన్ కూడా మొదటి అక్షరంలోని ప్రాచీనమైన అచ్చును నిలుపుకోలేదు. రెండు భాషలూ ఒకే ప్రాచీనరూపాన్ని తమ తమ దారుల్లో మార్చుకున్నాయి. ప్రాచీనతను సాక్షిగా పిలిచినవారికి ఆ సాక్షి అనుకూలంగా పలకదు.

4. రూఢి ఎవరి రూఢి?

రూఢివాదం బలమైనది. భాష విషయంలో వాడుకే ప్రభువని ఒప్పుకున్నవారెవరూ దాన్ని తేలికగా తీసివేయలేరు. కాని రూఢి పుట్టుకను చూడకుండా దాని వయస్సును మాత్రమే చెప్పడం అర్ధసత్యం.

పాశ్చాత్యులు కీవ్‌కు ఆదినుంచీ ఒకే రూపాన్ని వాడలేదు. లాటిన్ రచనల్లో ‘కియోవియా’ ఉంది. పూర్వపు పటాల్లో పోలిష్ ఉచ్చారణను పోలిన ‘కియోవ్’ వంటి రూపాలున్నాయి. ఆ కాలంలో నగరం ఎవరి అధీనంలో ఉందో గమనించండి. పద్నాలుగవ శతాబ్దంలో లిథువేనియా పాలకుల చేతికి వచ్చిన కీవ్, 1569 నాటి లూబ్లిన్ ఒప్పందంతో పోలండు కిరీటం కిందికి వచ్చింది. 1667 నాటి ఆంద్రుసోవో సంధితో మాస్కో చేతికి చిక్కి, 1686 నాటి ఒప్పందంతో అక్కడే స్థిరపడింది. పంతొమ్మిదవ శతాబ్ది ఆంగ్ల గ్రంథాల్లో రష్యన్ రూపం నిలదొక్కుకుంది. పాలకుల భాష మారినప్పుడు పటంలోని పేరు కూడా ఆ వెంటనే కాకపోయినా క్రమంగా మారుతూ వచ్చింది. రెండు వందల ఏళ్ల రూఢి అంటున్నది ఈ వరుసలోని ఒక ఘట్టం.

ఆ ఘట్టంలో ఉక్రేనియన్ రూపం ఆంగ్లేయుల చెవిన పడడానికి ఎంత అవకాశముండేది? 1863లో జార్ ప్రభుత్వపు ఆంతరంగిక మంత్రి వలుయెవ్ జారీ చేసిన ఉత్తర్వు ఉక్రేనియన్‌లో మతగ్రంథాల, పాఠ్యగ్రంథాల ముద్రణను అడ్డుకుంది. 1876 నాటి ఎమ్స్ శాసనం ఆ నిషేధాన్ని మరింత విస్తరించి, విదేశాల్లో అచ్చయిన ఉక్రేనియన్ పుస్తకాల దిగుమతిని కూడా కట్టడి చేసింది. 1905 ప్రాంతంలో గాని ఆ కట్టుబాట్లు సడలలేదు. ఒక భాషను అచ్చులోకి రానివ్వని కాలంలో ఏర్పడిన వర్ణక్రమాన్ని స్వేచ్ఛగా పుట్టిన వాడుక అనడం న్యాయం కాదు. వాడుక ప్రభువే, అయితే ఒక గొంతు మూసి రెండవ గొంతుతో చెప్పించిన మాట వాడుక తీర్పు కానేరదు.

రూఢిని సవరించుకోవడం ఆంగ్లానికి కొత్త కూడా కాదు. మాల్దోవా రాజధానిని సోవియట్ కాలంలో రష్యన్ ననుసరించి ‘కిషినెవ్’ అన్నవారే నేడు రుమేనియన్ ననుసరించి ‘కిషినౌ’ అని రాస్తున్నారు. ఎస్తోనియా రాజధాని తాలిన్ పేరు చివర రష్యన్‌లో ఒకే నకారముంది, ఎస్తోనియన్‌లో రెండున్నాయి. నేటి ఆంగ్లం రెండింటినీ రాస్తున్నది. చైనా 1958లో ఆమోదించిన పిన్‌యిన్ పద్ధతిని 1979 జనవరి 1 నుంచి విదేశీ భాషల ప్రచురణల్లోని నామాలకు వర్తింపజేసిన తరువాత, అంతవరకు ‘పెకింగ్’ అన్న ఆంగ్లలోకం క్రమంగా ‘బీజింగ్’కు మారింది. వీటిని భాషమీద దౌర్జన్యమని ఎవరూ దుఃఖించలేదు. కీవ్ వద్దకు వచ్చేసరికి మాత్రమే రూఢి పవిత్రమైపోవడం తర్కానికి నిలవని పక్షపాతం.

మన అనుభవం కూడా ఇదే చెబుతుంది. ‘కడప’ను ఆంగ్లంలో చిరకాలం సి అక్షరంతో మొదలుపెట్టి, రెండు డకారాలతో సాగదీసి, హెచ్‌తో ముగించారు. 2005లో ప్రభుత్వం ఆ వర్ణక్రమాన్ని సవరించింది. కడప పేరు మారిందా? కడపవారికి అది ఎప్పుడూ కడపే. మన భాష పేరునే తీసుకున్నా, పోర్చుగీసు మాటనుంచి పుట్టిన ‘జెంటూ’ అనే పేరుతో ఆంగ్లేయులు దాన్ని చాలాకాలం వ్యవహరించారు. 1816లో ఏ.డి. కాంప్‌బెల్ తన వ్యాకరణానికి పేరు పెట్టేనాటికి ‘తెలుగు’ అన్న మాటే వచ్చింది గాని, వర్ణక్రమంలో జంట ‘ఓ’కారాలు రెండుచోట్ల నిలిచాయి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో నేటి వర్ణక్రమమే ఉంది. రూఢిని ముట్టరాదన్న న్యాయం నిలిచి ఉంటే ఈ శాఖల ఆంగ్ల నామఫలకాలమీద నేడు జెంటూ అని ఉండేది.

5. అతివ్యాప్తి దోషం: ఉక్రేనియన్ పక్షానికి హద్దులు

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి ఉక్రేనియన్ రూపాన్ని కోరేవారి వాదాలన్నీ సరైనవని భావించరాదు. ‘స్థానికులు పలికే రూపమే ఏ భాషలోనైనా ఒప్పు’ అన్న సూత్రం అతివ్యాప్తి దోషానికి గురవుతుంది. దాన్ని అంగీకరిస్తే రోమ్, వార్సా, ప్రాగ్ అన్నీ తప్పులే అవుతాయి. తద్భవాలకు తమ భాషలో బతికే హక్కే లేకుండా పోతుంది.

ఇందుకు తెలుగులోనే ఒక చక్కని సాక్ష్యముంది. ఉత్తరాంధ్రనుంచి ఓడలెక్కి బర్మాకు కూలికి వెళ్లిన జనం రంగూన్‌ను ‘రంగం’ అన్నారు. పటం చూసి, లిపి మార్చి సాధించిన రూపం కాదది. రేవులో దిగి, అక్కడ బతికి, తిరిగివచ్చి పలికిన మాట. ముకారాంతమై, తెలుగు విభక్తులకు ఒదిగి, జానపదుల పాటల్లోకి ఎక్కింది. 1989లో బర్మా సైనిక ప్రభుత్వం రంగూన్ పేరును ఆంగ్లంలో ‘యాంగోన్’గా మార్చినప్పుడు మన ‘రంగం’ తప్పు కాలేదు. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ దాన్ని తప్పు చేయలేదు. అది తద్భవం.

రంగూన్ ఉదాహరణ మరొక హద్దును కూడా చూపుతుంది. ప్రజల ఆమోదంతో నిమిత్తం లేని సైనిక పాలన చేసిన మార్పు కాబట్టి దాన్ని అంగీకరించడమా, మానడమా అని బర్మా ప్రజాస్వామ్యవాదులూ, విదేశాలూ చాలాకాలం తర్కించారు. ప్రభుత్వం కోరడమొక్కటే చాలదన్నమాట. కజకిస్తాన్ రాజధాని అస్తానా 2019లో నూర్‌సుల్తాన్ అయి, 2022లో మళ్లీ అస్తానా అయింది. అవి పేరు మార్పులు. కీవ్ విషయంలో పేరు మారలేదు, పాలకుడెవరూ ఊరికి తన పేరు పెట్టుకోలేదు. 1991లో స్వతంత్రమైన దేశం 1995 అక్టోబరులో న్యాయ పరిభాషా సంఘం ద్వారా తన అధికార వ్యవహారాల్లో వాడవలసిన రోమన్ రూపాన్ని నిర్ణయించుకుంది. 2010లో తన భాషంతటికీ ఒకే లిప్యంతరీకరణ పద్ధతిని ఆమోదించింది. 2012లో భౌగోళిక నామాల ప్రామాణీకరణపై జరిగిన ఐక్యరాజ్యసమితి సమావేశం ఆ పద్ధతిని స్వీకరించింది. ఒక పద్ధతి, ఒక మూలభాష, అన్ని నామాలకూ వర్తించే ఒకే నియమం: అంగీకారయోగ్యమైన కోరికకు ఇవి లక్షణాలు. ఉజ్బెకిస్తాన్ రాజధాని తన భాషలో ‘తోష్కెంత్’ అయినా ఆంగ్లంలో ‘తాష్కెంట్’ కొనసాగుతున్నది. అక్కడివారు పట్టుపట్టనప్పుడు వారికంటె ముందు మనం ఉద్రేకపడనవసరం లేదు.

వంటకం సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. వెన్న నింపి వేయించే కోడిమాంసపు వంటకం ఒకటి ఆ నగరం పేరుతో ప్రసిద్ధం. నగరనామాన్ని 2019లో సవరించుకున్న అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ వంటకం పేరులో మాత్రం రష్యన్ రూపాన్నే ఉంచింది. 2022లో బ్రిటన్‌లోని ఒక పెద్ద దుకాణాల సంస్థ వంటకం పేరును కూడా మార్చింది. మొదటిది వివేకం, రెండవది ఉత్సాహం. వంటకం పేరులో ఆ మాట ఊరిని సూచించడం మానేసి రుచిని సూచిస్తున్నది. బీజింగ్ అంటున్నవారు బాతు వంటకాన్ని పెకింగ్ పేరుతోనే పిలుస్తున్నారు; ఆ నగరంలోని ప్రసిద్ధ విశ్వవిద్యాలయం తన ఆంగ్లనామంలో పెకింగ్‌నే ఉంచుకుంది. వీటివల్ల బీజింగ్‌కు లోటేమీ రాలేదు.

6. రాజకీయవాదమూ, తెలుగు వాడుకా

మార్పు రాజకీయమన్నవారికి కాలక్రమాన్ని గుర్తు చేయాలి. అమెరికా భౌగోళిక నామాల మండలి 2006లో ఉక్రేనియన్ రూపాన్ని ప్రత్యామ్నాయంగా అనుమతించి, 2019 జూన్‌లో రష్యన్ రూపాన్ని తొలగించింది. ఉక్రెయిన్ విదేశాంగ శాఖ 2018లో ప్రచారోద్యమం మొదలుపెట్టింది. 2019లోనే అసోసియేటెడ్ ప్రెస్, బీబీసీ, న్యూయార్క్ టైమ్స్ తమ శైలీ నియమాలను సవరించుకున్నాయి. ఇవన్నీ 2022 ఫిబ్రవరి నాటి దండయాత్రకు ముందు జరిగినవి. 2014లో క్రిమియా ఆక్రమణ ఈ ఆలోచనకు ఊపునిచ్చి ఉండవచ్చు. అయినా ఒక నిర్ణయానికి ప్రేరణ రాజకీయమైనంతమాత్రాన ఆ నిర్ణయానికి ఆధారం రాజకీయం కానవసరం లేదు. నాలుగవ భాగంలో చూపినట్టు రష్యన్ రూపం పుట్టుకకూ రాజకీయమే ప్రేరణ. ఒకదాని పుట్టుకను మరచి, రెండవదాని పుట్టుకను తప్పుపట్టడం తటస్థత కాదు.

కీవ్‌లో రష్యన్ మాట్లాడేవారు ఎందరో ఉన్నారు కదా అన్న ఆక్షేపమూ ఉంది. వారు రష్యన్‌లో మాట్లాడినప్పుడు ‘కియెవ్’ అనే అంటారు. అది రష్యన్ భాషలో సాధువే. మన చర్చ రష్యన్ భాషను గురించి కాదు, ఆంగ్లాన్ని గురించి. ఉక్రేనియన్‌ను ఏకైక రాజ్యభాషగా 1996 నాటి రాజ్యాంగంలో రాసుకున్న దేశపు రాజధాని పేరును మూడవ దేశం ఏ భాషనుంచి గ్రహించాలన్నదే ఇక్కడి విషయం.

ఇక తెలుగు. సోవియట్ కాలంలో మాస్కోనుంచి ప్రగతి ప్రచురణాలయం, రాదుగ సంస్థల ద్వారా వచ్చిన అనువాదాలు మన పాఠకుల రెండు తరాలకు సాహిత్యాన్ని అందించాయి. వాటి మేలు మరవరానిది. అయితే ఉక్రెయిన్ ఊళ్లన్నీ ఆ దారిలో రష్యన్ వేషంలోనే వచ్చాయి: ఖార్కోవ్, ల్వోవ్, ఒడెస్సా. 2022లో వైద్యవిద్యకు వెళ్లిన తెలుగు విద్యార్థులు యుద్ధంలో చిక్కుకున్నప్పుడు ఆ ఊళ్ల పేర్లు మన ఇళ్లలో నిత్యం వినిపించాయి. అవి పుస్తకాల్లోని దూరపు పేర్లుగా ఉండే కాలం పోయింది. ఈ నామాలకు తెలుగులో ఒక క్రమం ఇంకా ఏర్పడలేదు.

‘కీవ్’ రూపాన్ని మార్చనవసరం లేదని నా అభిప్రాయం. ఇకారం వెంట వచ్చే యికారం తెలుగు నోట దీర్ఘంలో కలిసిపోవడం సహజం. ‘కియివ్’ ఇలా ‘కీవ్’ అవుతుంది. రష్యన్ రూపానికి గుర్తయిన ఎకారం అందులో లేదు. చివరి ధ్వని ఉక్రేనియన్‌లో ఉకారానికి దగ్గరగా పెదవుల మీద పలుకుతుంది. రష్యన్‌లో అది ఫకారంగా వినబడుతుంది. తెలుగు వకారం ఆంగ్లపు ‘వి’కంటె ఉక్రేనియన్ ధ్వనికే చేరువ. పత్రికలు ఆలోచించి చేశాయో, ఆంగ్ల ఉచ్చారణను విని చేశాయో గాని ఫలితం సరైనది. తెలుగు ధ్వనులకు ఒదిగిన ఈ రూపాన్ని తద్భవంగా నిలుపుకుందాం. విడిచిపెట్టవలసింది పరిశోధన వ్యాసాల్లో ఇంకా కనిపించగల ‘కియెవ్’, ‘కియేవ్’ రూపాలను.

7. ఉపసంహారం

పై చర్చనుబట్టి పరిశోధన రచనకు కింది నియమాలను ప్రతిపాదిస్తున్నాను.

1. ఆంగ్లంలో రాసే వ్యాస సంగ్రహాల్లో, గ్రంథాల్లో ఉక్రెయిన్ రాజధానికి కె, వై, ఐ, వి వర్ణక్రమాన్నే వాడాలి. రష్యన్ రూపం ఆంగ్ల తద్భవం కాదు కాబట్టి దానికి తద్భవ రక్షణ లేదు.

2. ఉదాహరించే వాక్యాల్లో, ప్రచురిత గ్రంథాల పేర్లలో మూలంలో ఉన్న రూపాన్ని దిద్దరాదు. 1823 నాటి గ్రంథం పేరును సవరిస్తే అది సవరణ కాదు, సాక్ష్యాన్ని చెరపడం.

3. వంటకాల వంటి రూఢ్యర్థాల్లో స్థిరపడిన మాటలను నగరనామ నియమంతో కొలవరాదు.

4. తెలుగులో కీవ్, ఖార్కివ్, ల్వివ్, ఒడెసా రూపాలను గ్రహించాలి. ఆంగ్ల అక్షరాలను చూసి ఊహించి రాసే అలవాటు మాని, మూలభాషలోని ధ్వనిని విచారించి రాయాలి.

5. రంగం వంటి మన తద్భవాలను ఏ ప్రామాణీకరణ పేరుతోనూ తొలగించరాదు.

వర్ణక్రమం అల్పవిషయమని, ఒక అక్షరం అటైనా ఇటైనా నగరం అక్కడే ఉంటుందని అనేవారికి చివరిగా ఒక మాట. తాళపత్రంలో ఒక అక్షరం కోసం పాఠపరిష్కర్తలు ఏళ్ల తరబడి ప్రతులు సరిచూసిన శాస్త్రం మనది. ఏ పాఠం ఏ ప్రతినుంచి వచ్చిందో, ఆ ప్రతిని ఎవరు ఎప్పుడు రాశారో చెప్పకుండా మనం ఏ పాఠాన్నీ అంగీకరించము. నగరనామానికి కూడా అంతే శ్రద్ధ చూపాలని మాత్రమే ఈ వ్యాసం కోరుతున్నది. ఆంగ్లంలోని రష్యన్ రూపం మధ్యవర్తి చేతిమీదుగా వచ్చిన ప్రతి. మూలప్రతి లభ్యమవుతున్నప్పుడు దాన్ని పక్కన పెట్టి మధ్యవర్తి ప్రతినే ప్రమాణమనడానికి పరిష్కరణ శాస్త్రంలో ఆధారం లేదు.